అల్వీనె కలిపిన పిండి

స్ట్రెంచి,
నవంబరు 1994

మరదలు అవుస్ట్రాకి,

మీ అక్క వెళ్ళిపోయాక నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. టెలిగ్రాంలో నాలుగు మాటలే పట్టాయి. మిగతావి రాయడానికి ఇన్నాళ్ళూ చెయ్యి రాలేదు.

తోటలో రాలిన ఆపిల్ పళ్ళు ఏరుతూ చెట్టు కింద కూర్చుంది. అలసిపోయి కూర్చుందనుకున్నాను. కిటికీలోంచి తొంగి చూసి, టీ పెట్టనా అని కూడా అడిగాను. బుట్ట సగం నిండింది. అంతే. గుండె అన్నాడు డాక్టరు.

పెట్టెను గోతిలోకి దించే ముందు రీగా మీదుగా వచ్చే బస్సు కోసం అందరం ఆగాం. పాస్టరు మాటిమాటికీ గడియారం చూసుకున్నాడు. నువ్వు రాలేదు. ఎందుకు రాలేదని అడగను. అడిగితే నువ్వేదో ఒకటి చెప్తావు, అది నాకు నచ్చదు, మళ్ళీ మనిద్దరం పోట్లాడుకుంటాం. మన పోట్లాటలు తీర్చే మనిషి ఇప్పుడు ఇంట్లో లేదు.

అసలు సంగతి వేరే. మొన్న బంగాళాదుంపల కోసం నేలమాళిగలోకి దిగితే మెట్ల పక్క గూట్లో మట్టి జాడీ కనబడింది. మూతి మీద గుడ్డ, గుడ్డ చుట్టూ ఊలు దారం. విప్పి చూస్తే లోపల నల్లగా, రాయిలాంటి ముద్ద. వాసన చూశాను. దాల్చినచెక్క, లవంగం, యాలకులు, తేనె. క్రిస్మస్‌కి చేసే మిరియాల బిస్కట్ల కోసం ఆవిడ ముందే కలిపి పెట్టుకున్న పిండి. ఎప్పుడు కలిపిందో కూడా నాకు తెలీదు. నేను పుట్టగొడుగులకని అడవికి వెళ్ళిన రోజై ఉంటుంది.

ఏం చెయ్యను దీన్ని? పక్కింటి లోనియా పారెయ్యమంటోంది. "పోయినవాళ్ళు కలిపిన పిండి తినకూడదు అన్సిస్, కడుపులో కూర్చుంటుంది" అంది. ఆమె మాట నేనెప్పుడూ వినలేదు. కానీ వంటింటి సంగతులు నాకేం తెలుసు? పెళ్ళయిన నాటి నుంచీ ఆ గదిలోకి తినడానికే వెళ్ళాను. నువ్వు జీవితమంతా రొట్టెల ఫ్యాక్టరీలో పిండి పిసికినదానివి. నువ్వు చెప్పు.

ఇక్కడ అంతా పొగమంచు. గౌయా నది కనబడదు, వినబడుతుంది. పోయినవాళ్ళు ఇళ్ళు చూసుకోవడానికి తిరిగొచ్చే కాలం ఇది అనేది మా అమ్మ. వాళ్ళ కోసం బల్ల మీద ఒక గిన్నె ఎక్కువ పెట్టేది. నేనింకా పెట్టలేదు.

నీ బావ
అన్సిస్


లియెపాయ,
నవంబరు

బావకి,

ఆ జాడీ దరిదాపులకి లోనియాని రానివ్వకు. ఆమె పారెయ్యమన్న వస్తువుల్లో సగం ఆమె ఇంట్లోనే తేలతాయని అక్క చెప్పేది.

పిండి చావదు బావా. నిద్రపోతుంది. తేనె, వెన్న, మసాలా మొదట్లో ఎవరికి వారే ఉంటాయి. చలిలో, చీకట్లో పడుకుని పడుకుని ఒకటవుతాయి. ఎంత పడుకుంటే అంత మంచిది. గుడ్డ మళ్ళీ కట్టేసి అక్కడే ఉండనీ. క్రిస్మస్ ముందు వచ్చే ఆదివారాల్లో మొదటి కొవ్వొత్తి వెలిగించాకే బయటికి తియ్యి.

తీశాక ఏం చెయ్యాలో విను. కొంచెం ముద్ద కోసుకో. కత్తి దిగదు, వేడి నీళ్ళలో ముంచి కొయ్యి. బల్ల మీద పెట్టి, నువ్వు టీ తాగి పేపరు మొదట్నుంచి చివరి దాకా చదువుకో. తర్వాత అరచేతి మొదలుతో నొక్కు. వేళ్ళతో కాదు, మణికట్టు దగ్గరి భాగంతో. మొదట ఇసకలా రాలిపోతుంది. భయపడి నీళ్ళు పొయ్యకు. నీ చేతి వేడికి అదే లొంగుతుంది. ముద్ద మెరవడం మొదలెట్టాక పీట మీద పిండి చల్లి కర్రతో పల్చగా ఒత్తు. నీ లెక్కన పల్చగా కాదు, అక్క లెక్కన. బిర్చి చెట్టు ఆకంత.

పొయ్యిలో నిప్పులు పక్కకి నెట్టాక చిటికెడు పిండి విసిరి చూడు. మెల్లగా ఎర్రబడితే పళ్ళెం పెట్టు. వెంటనే నల్లబడితే ఆగు. పెట్టాక పొయ్యి ముందు నుంచి కదలకు. ఆహా, వాసన ఎంత బాగుందో అనుకునే లోపల మాడిపోతాయి.

నేను రాలేకపోయాను బావా. ఇంతకు మించి ఇప్పుడు చెప్పలేను. అక్క మీద ప్రేమ లేక మాత్రం కాదు.

ఓడరేవు నుంచి రష్యా నావికులు వెళ్ళిపోయారు. వాళ్ళుండిన ఇళ్ళకి కిటికీ అద్దాలు లేవు. సముద్రపు గాలి వాటిలోంచి దూరుతుంటే ఎవరో పెద్ద సీసా మూతి మీద పెదవి పెట్టి ఊదుతున్నట్టుంటుంది. కిటికీ దగ్గర కూర్చుని ఆ శబ్దమే వింటుంటాను.

గిన్నె పెట్టు. పెడితే పోయేదేముంది?

అవుస్ట్రా


స్ట్రెంచి,
డిసెంబరు

మరదలా,

ముందు నీ దస్తూరి సంగతి చెప్పు. ఇంత గుండ్రంగా రాయడం ఎప్పుడు నేర్చుకున్నావు? నీ ఉత్తరాలు కోడి గీకినట్టుంటే మీ అక్కే కూడబలుక్కుని చదివి వినిపించేది. ఈసారి కళ్ళజోడు లేకుండా నేనే చదివేశాను.

మొదటి కొవ్వొత్తి వెలిగించాను. నువ్వు చెప్పినవన్నీ చేశాను. కత్తి వేడి చేశాను, పేపరంతా చదివాను, చావు ప్రకటనలతో సహా. పిండి ఇసకలా రాలింది. నీళ్ళు పొయ్యలేదు. చాలాసేపు నొక్కాక చేతి కింద మెత్తబడింది, పొద్దున్నే లేవనని మారాం చేసే పిల్ల మొత్తానికి ఒళ్ళు విరుచుకున్నట్టు. పిల్లలు లేని ఇంట్లో ఈ పోలిక నాకెలా తట్టిందో మరి.

అచ్చులు నీకు గుర్తున్నాయా? పెళ్ళయిన కొత్తలో రంపం మిల్లులో రేకు ముక్కలు తెచ్చి నేనే వంచాను. చందమామ, పంది, కోడిపుంజు. పుంజు బూటులా వచ్చింది. మీ అక్క ఏళ్ళ తరబడి దాంతోనే కోసి "ఇదుగో నీ బూటు" అని నా కాఫీ పక్కన పెట్టేది. ఆ అచ్చుని పిండి మీద ఎటు నుంచి నొక్కాలో నాకు ఈ ఆదివారమే తెలిసింది.

మొదటి పళ్ళెం బొగ్గయింది. పొగ చూసి లోనియా పరుగెత్తుకొచ్చింది. ఒకటి తీసి బల్ల మీద కొట్టి చూసి, "ఇవి బిస్కట్లా, ఇంటి పెంకులా?" అంది.

"పెంకులే. నీ ఇల్లు కారుతోంది కదా, పట్టుకెళ్ళు" అన్నాను.

నవ్వింది. అక్టోబరు తర్వాత ఆ గదిలో నవ్వు వినడం అదే.

రెండో పళ్ళెం కుదిరింది. ఆమె వెళ్ళిపోయాక పొయ్యి పక్క బెంచీ మీద, వేడి ఇటుకలకి వీపు ఆనించి కూర్చున్నాను. వాసన గదంతా నిండింది. బయట మంచు పడుతోంది, చప్పుడు లేకుండా. కళ్ళు మూతలు పడ్డాయి. అప్పుడు అల్వీనె వచ్చింది.

కల అనుకో, కునుకు అనుకో. బూడిద రంగు ఏప్రన్, మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతులు, చెవి దగ్గర పిండి మరక. నా వైపు చూడలేదు. పీట మీద అతుక్కున్న పిండిని కత్తితో గీకుతోంది. గీకుతూనే, "పొగగొట్టం మూత మూశావా?" అంది. ఉలిక్కిపడి లేచాను. మూయలేదు, వేడంతా పైకి పోతోంది.

ఇంకా చాలా పిండి ఉంది. మళ్ళీ కాలుస్తాను.

అన్సిస్


లియెపాయ,
డిసెంబరు

బావా,

వయసుతో పాటు దస్తూరి మారుతుంది. నీ బుద్ధి ఒక్కటే మారలేదు.

అక్క చెవి దగ్గర పిండి మరక. అవును, అక్కడే ఉండేది. చిన్నప్పుడు జుట్టు వెనక్కి తోసుకోవడానికి ఎప్పుడూ పిండి చేత్తోనే తోసుకునేది, అమ్మ తిట్టేది. ఇంకేమైనా అందా? నా గురించి ఏమైనా అడిగిందా? అడక్కపోతే అడగలేదనే రాయి.

ఇక పని మాట. మిగిలిన పిండి అంతా ఈ వారమే కాల్చెయ్యి. రేకు డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఈస్టర్ దాకా పాడవవు. లోనియాకి ఒక పళ్ళెం ఇవ్వు, పెంకుల మాట మర్చిపోతుంది. పాస్టరుకి కొన్ని. పెట్టె మోసిన వాళ్ళందరికీ కొన్ని. మిరియాల బిస్కట్లు ఒక్కడే కూర్చుని తినేవి కావు. మా అమ్మ ఎప్పుడూ ఇంట్లో మనుషులకి కావలసినదాని కంటే ఎక్కువే చేసేది.

బిస్కట్లు తప్ప ఇంకేం తింటున్నావో నువ్వు రాయలేదు. అది నేను గమనించాను.

అవుస్ట్రా


స్ట్రెంచి,
జనవరి

మరదలా,

నువ్వు చెప్పినట్టు చెయ్యలేదు. అంతా కాల్చలేదు. లోనియాకి ఒక పళ్ళెం ఇచ్చాను, అంతే. తర్వాత నుంచి ఆక్రోటు కాయంత ముద్దే తీస్తున్నాను. అంత ముద్దకి మూడు నాలుగు బిస్కట్లు వస్తాయి. వాసనకి అది చాలు.

కాల్చినప్పుడల్లా వస్తోంది. ఒకసారి నా చొక్కా గుండీ కుట్టింది. ఒకసారి కిటికీ దగ్గర నిలబడి మంచు మీద ఏదో జంతువు అడుగులు చూపించి, "నక్క, కోళ్ళ గూడు గడియ పెట్టు" అంది. మనకి కోళ్ళు లేక ఎన్నేళ్ళయింది? అయినా వెళ్ళి గడియ పెట్టొచ్చాను. నీ గురించి అడిగావు. ఏమీ అనలేదు. ఇలా రాయడం బాగాలేదు గానీ, నీకు అబద్ధం రాయలేను.

నది గడ్డకట్టింది. మంచు కిటికీ గడప దాకా వచ్చింది. ముందు గదిలో పొయ్యి వెలిగించడం మానేశాను. ఎవరి కోసం? వంటింటి బెంచీ మీదే పడుకుంటున్నాను. బిస్కట్లు కాల్చిన రోజున అక్కడ వెచ్చగానే ఉంటుంది. లోనియా సూపు తెచ్చి గుమ్మంలో పెడుతోంది. తినబుద్ధి కాదు. పిట్టలకి పోస్తున్నాను.

మొన్న వచ్చిన కల మాత్రం నీకు చెప్పాలి. కుర్రతనంలో నేను గౌయా మీద దుంగల తెప్పలు నడిపేవాణ్ణి కదా. అలాంటి తెప్ప మీదే ఇద్దరం ఉన్నాం. వసంతం. నీళ్ళు నిండుగా ఉన్నాయి. అల్వీనె దుంగల మీద మోకాళ్ళ మీద కూర్చుని పిండి పిసుకుతోంది. ఒడ్డున ఇళ్ళు లేవు, మనుషులు లేరు, పైన్ చెట్లు మాత్రం నెమ్మదిగా వెనక్కి పోతున్నాయి. గడ నా చేతిలో ఉంది గానీ వెయ్యక్కర్లేదు, నది తనే తీసుకుపోతోంది. మీ అక్క తల ఎత్తకుండానే, "ఇక్కడ దిగుతావా, నాతో వస్తావా?" అంది.

జవాబు చెప్పేలోపు మెలకువ వచ్చింది. పొయ్యి చల్లారిపోయింది. మీసం మీద మంచు పేరుకుంది. చేతివేళ్ళు కదల్లేదు కాసేపు. భయం వెయ్యలేదు అవుస్ట్రా. అదే నీకు చెప్పాలనిపించింది. చాలా హాయిగా ఉంది.

పిండి ఇంక రెండు పిడికిళ్ళంతే ఉంది. ఆవిడ మళ్ళీ అడుగుతుంది. అడిగితే ఏం చెప్పాలో ఇప్పుడు నాకు తెలుసు.

అన్సిస్


లియెపాయ,
జనవరి

అన్సిస్,

బావా అని పిలవను. ముందు ఆ తెప్ప దిగు.

చలికి ఒళ్ళు కొయ్యబారిపోవడాన్ని పట్టుకుని అక్క పిలుపు అంటున్నావా? నువ్వు మఫ్లరు లేకుండా గేటు దాటితే వీధిలో అందరి ముందూ పిలిచి మెడకి చుట్టిన మనిషి అది. అలాంటిది నిన్ను చలిలో చావడానికి రమ్మంటుందా? ఆ తెప్ప మీద ఉన్నది అక్క కాదు. నీ ఖాళీ కడుపు.

ఈ ఉత్తరం అందిన వెంటనే ముందు గదిలో పొయ్యి వెలిగించు. కాచి తెచ్చిన సూపు పిట్టలకి పొయ్యడానికి నీకు చెయ్యెలా వచ్చింది? లోనియా మోకాళ్ళ నొప్పులతో మంచులో నడిచి తెస్తోంది. ఆ పిండి పిసికినప్పుడు అక్క ఏమనుకుని పిసికి ఉంటుందో ఆలోచించావా? ఇంట్లో మొగుడు ఉన్నాడు, క్రిస్మస్‌కి తింటాడు అనుకుంది. ఆయన దాన్ని వాసన చూసి చస్తాడు అనుకోలేదు.

నేనే గనక ఇప్పుడు బయల్దేరి రాగలిగితే నీ చెవి పట్టుకుని ఆ బెంచీ మీంచి లేపేదాన్ని. రాగలిగితే.

ఇక చాలు జైగా, ఆపెయ్, నావల్ల కాదు.


అన్సిస్ గారికి నమస్కారం. పై మాట కూడా ఆవిడ అన్నదే. నేను కావాలనే రాశాను.

నా పేరు జైగా. అవుస్ట్రా గారి పై వాటాలో ఉంటాను. బడిలో చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించేదాన్ని, అందుకే ఈ గుండ్రటి దస్తూరి. ఆగస్టులో ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి వైపు. కర్ర సాయంతో గదిలో అటూ ఇటూ నడుస్తోంది. చెయ్యి మాత్రం స్వాధీనంలోకి రాలేదు. అక్కకి అప్పుడే రాయొద్దంది. కాస్త కుదుటపడ్డాక తనే నవ్వుతూ చెప్తానంది. ఆ తర్వాత మీ టెలిగ్రాం వచ్చింది.

అంత్యక్రియల రోజు నల్ల కోటు తొడిగించమంది. కోటు వేసుకుని తలుపు దగ్గర కుర్చీలో చీకటి పడే దాకా కూర్చుంది. మెట్లు దిగడం ఆవిడ వల్ల కాలేదు, మోసుకెళ్ళడానికి ఒప్పుకోలేదు. మీకు పిండి ఎలా నొక్కాలో చెప్పి రాయించిందే, అప్పుడు తన కుడి చేతిని ఎడమ చేత్తో తెచ్చి బల్ల మీద పెట్టి, దాన్ని నొక్కుతూ చెప్పింది.

ఈ నాలుగు ముక్కలూ ఆవిడకి తెలియకుండా రాస్తున్నాను. కవరు అంటించేది నేనే కాబట్టి తెలియదు.

జైగా


స్ట్రెంచి,
జనవరి

జైగా గారూ, మీ మేలు మర్చిపోను. ఇది ఆవిడకి గట్టిగా చదివి వినిపించండి. కోప్పడితే నా మీద పెట్టండి.

మరదలా,

ముందు గదిలో పొయ్యి వెలిగించాను. లోనియా సూపు బల్ల దగ్గర కూర్చుని గిన్నె ఖాళీ చేశాను. ఉప్పు ఎక్కువైందన్నాను. "నోరు లేచిందంటే మనిషి బతికినట్టే" అంది.

నీ మీద నాకు కోపం రాలేదు. బస్సు కోసం చూసిన ఆ పొద్దున్న నిన్ను మనసులో చాలా అనుకున్నాను. అవన్నీ ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పూట నువ్వు కోటు వేసుకుని కూర్చున్నావని నాకేం తెలుసు?

మిగిలిన పిండిని ముందు పెట్టుకుని రెండు పూటలు కూర్చున్నాను. ఇక్కడే కాల్చుకుంటే మీ అక్క నాకు ఇంకోసారి కనబడుతుంది. అది వదులుకోవడం ఎంత కష్టమో నీకు చెప్పలేను. చివరికి తడిగుడ్డలో చుట్టి సంచిలో పెట్టేశాను.

శనివారం సాయంత్రానికి నీ గుమ్మంలో ఉంటాను. పీట కడిగించి ఉంచు. పిసకడం నాకు వచ్చింది. పక్కన కూర్చుని తిట్టడం నీ పని.

అన్సిస్


స్ట్రెంచి,
మార్చి

మరదలా,

క్షేమంగా చేరాను. మఫ్లరు బస్సులో మర్చిపోలేదు, ఇంటి దాకా మెడకే ఉంది.

ఇంటికొచ్చాక ఆ ఆదివారమే కళ్ళ ముందు మెదులుతోంది. అప్పడాల కర్రకి ఒక చివర నీ ఎడమ చెయ్యి, ఇంకో చివర నా కుడి చెయ్యి. నువ్వు అటు తోస్తే నేను ఇటు లాగాను. "బావా, ఇది తెప్ప కాదు, గడ వెయ్యకు" అన్నావు. జైగా గారు నవ్వాపుకోలేక గది బయటికి వెళ్ళిపోయింది. పిండి మాత్రం బిర్చి ఆకంత కాదు, దానికంటే పల్చగా వచ్చింది. ఒక్కణ్ణే ఒత్తినప్పుడు ఎన్నడూ అలా రాలేదు.

అక్కడుండగా నీకు చెప్పనిది ఒకటుంది. బిస్కట్లు కాలుతున్నప్పుడు నీ వంటింట్లో గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. నువ్వు అలిశాననుకున్నావు. అలిసి కాదు. ఆవిడ కోసం. వాసన వచ్చింది. సముద్రం చప్పుడు దూరంగా వినబడుతోంది, గది మెల్లగా తేలుతున్నట్టుంది. ఇదుగో, ఇప్పుడే వస్తుంది అనుకుంటున్నాను. అప్పుడే నువ్వు, "అంచులు ఎర్రబడుతున్నాయి, లే" అన్నావు. లేచాను.

ఆ తర్వాత వాసన పట్టుకుని మీ భవనంలోని వాటాల వాళ్ళందరూ వచ్చారు. కాఫీ కాచడం, కుర్చీలు తేవడం, కింది వాటా ఆవిడ నీ కాలు సంగతి అడిగితే నువ్వు నీ కాలు సంగతి తప్ప అన్నీ చెప్పడం. పళ్ళెం చూస్తుండగానే ఖాళీ అయింది. చివరి బిస్కట్టు ఎవరు తీసుకున్నారో గమనించావా? మూడో అంతస్తు పొడుగాయన. మనవరాలికని అడిగి కోటు జేబులో వేసుకున్నాడు. అతని పేరు కూడా నాకు తెలీదు. మీ అక్క కలిపిన పిండి అలా అయిపోయింది.

బస్సు రీగా దాటాక గుర్తొచ్చింది నాకు, ఆవిడ రాలేదని. అక్కడ ఉన్నన్నాళ్ళూ రాలేదు. రాలేదని నేను వెతుక్కోనూ లేదు. కిటికీకి తల ఆనించి ఏడ్చాను. పక్కన కూర్చున్న అమ్మాయి సంచిలోంచి ఉడికించిన గుడ్డు తీసి ఇచ్చింది. తిన్నాను.

నిన్న కొత్త పిండి కలిపాను. మనిద్దరం నాలుక మీద తేల్చిన లెక్కన. దాల్చినచెక్క, శొంఠి, లవంగం, యాలకులు, జాజికాయ కుదిరినట్టున్నాయి. మీ అక్క ధనియాలు వేసేదా వేసేది కాదా? రాయి. జాడీకి గుడ్డ కట్టే ముందు తెలియాలి.

నది మీద మంచు చిట్లుతోంది. పగలంతా ఆ చప్పుడే.

అన్సిస్


లియెపాయ,
ఏప్రిల్

బావా,

ఇది నా ఎడమ చెయ్యి. జైగా పక్కన లేదు. ఈ కాగితం నింపడానికి వారం పట్టింది. నవ్వకు.

ధనియాలు వేసేది. కొంచెమే.

అక్క నీకు వచ్చినట్టు నాకు రాలేదు. రోజూ మధ్యాహ్నం కళ్ళు మూసుకుని చూశాను. రాదు. చిన్నప్పటి నుంచీ అంతే. పోట్లాడుకుంటే తను కదిలేది కాదు, చిన్నదానివి నువ్వే రావాలి అనేది.

అందుకే నేనే వస్తున్నాను. మెట్లు దిగడం నేర్చుకుంటున్నాను. మొన్న వీధి దాకా వెళ్ళి గాలి పీల్చుకుని వచ్చాను.

మే నెలలో జైగా తీసుకొస్తానంది. ముందు ఇంటికి వద్దు. సమాధి దగ్గరికి తీసుకెళ్ళు. కుర్చీ వద్దు, నేల మీదే కూర్చుంటాను. మీరిద్దరూ దూరంగా వెళ్ళిపోండి. అక్కతో మాట్లాడాలి.

కాసేపయ్యాక నువ్వొచ్చి చెయ్యి ఇవ్వు. ఒక్కదాన్నే లేవలేను.

అవుస్ట్రా